ముందు బార్ లేని సైకిల్

తమ్ముడు సత్యానికి, అక్క దీవెనలు.

సైకిల్ కొనడానికి గవర్నర్‌పేట వెళ్ళినప్పుడు రంగూ, బెల్లూ చూసి మురిసిపోకు. ఉయ్యూరు సంతకి మన చీరల మూట మోయాలి కాబట్టి వెనక క్యారియర్ గట్టిగా ఉండాలి. చెయిన్‌కి కవరుండాలి, లేకపోతే కొత్త చీరలకి నూనె మరకలు అంటుకుంటాయి. ముందు బార్ మాత్రం వద్దే వద్దు.

మీ బావగారు అద్దె సైకిల్ తొక్కబోయి మూటతో సహా కాలవలో పడ్డారు. ఆ చీరలు ఆరేలోగా అదే సైకిల్ నేను గట్టు మీద నేర్చేసుకున్నాను.

"ఇది ఆడవాళ్ళ సైకిలండీ, మీ బావగారు ఎక్కుతారా?" అని షాపాయన నవ్వితే, ఎక్కుతారనే చెప్పు. వెనక, మూట పట్టుకుని.

మా అత్తగారికి కోపం వచ్చిందనుకునేవు! కొడుకు కూర్చోడానికి అప్పుడే మెత్తటి బొంత కుడుతున్నారు.

నీ అక్క