బూడిద రంగు అట్ట

జహీరాబాద్,
ఆదివారం.

వదినా,

తెల్ల అట్టే కొనమని మీరు చెప్పినా, నేను పాత కాగితంతో చేసిన బూడిద రంగు అట్ట కొన్నాను. ఝరాసంగం మహిళా రైతులు తమ చిరుధాన్యాల పెట్టెలకు, డైరీలకు అదే అడిగారు. కొత్తగా పెట్టిన నా బైండింగ్ దుకాణానికి వచ్చిన మొదటి ఆర్డరు ఇది.

నమూనా డైరీ అట్ట జిగురు ఆరేసరికి అప్పడంలా వంగింది. ఆర్డరు పోయిందనుకున్నాను. పక్క వీధిలో నలభై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్న హఫీజుద్దీన్ గారికి చూపించాను. ఆయన ఒక ముక్కను అటూ ఇటూ వంచి చూశారు.

"అట్టది తప్పు లేదు బేటీ. దీని నార పుస్తకం పొడుగున పోవాలె, నువ్వు అడ్డం కోసినవ్. తిప్పి కొయ్యి, ఫికర్ చెయ్యకు" అన్నారు.

తిప్పి కోశాను. ఈసారి వంగలేదు.

నిన్న రైతులు షేర్ ఆటోలో వచ్చారు. అట్ట మీది మచ్చలు చూసి ఏమంటారోనని భయపడ్డాను. పెద్దామె వేలితో రుద్ది చూసింది.

"మా జొన్నరొట్టె మీద గూడ గిట్లనే ఉంటయి. తెల్లగుంటే మాదని ఎవలు నమ్ముతరు?" అంది. అందరూ నవ్వారు. రెండు వందల డైరీలు చేయమన్నారు.

వంగిన డైరీ మీకు పంపుతున్నాను. వారం రోజులు బియ్యం డబ్బా కింద పెట్టండి. మీ మాట విననందుకు తిట్లన్నీ అందులోనే రాయండి. పేజీలు చాలానే ఉన్నాయి.

మీ ఆడపడుచు