సొరుగులో మోగిన ఫోను

ఫిలడెల్ఫియా, ఆదివారం

ప్రియమైన ఫ్రీడా అక్కా,

నిన్న శనివారం, సబ్బాతు విశ్రాంతి దినం కాబట్టి కలం ముట్టలేదు. ఇవాళ ముట్టినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఎరిత్రియా నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న సెనాయిత్ గురించి రాశానుగా. రేపే ఆమె ఆశ్రయం కేసు విచారణ. "మా ఇంటి మనిషే" అని నేను ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాలి.

శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగించేముందు, అది ముగిసేదాకా ముట్టకూడదని ఎప్పటిలాగే అందరి ఫోన్లూ సొరుగులో పెట్టేశాను. అలవాటు చొప్పున ఆమెదీ పెట్టేశాను. నిన్న మా ప్రార్థన మందిరంలో శరణార్థుల కోసం ప్రత్యేక సబ్బాతు జరిపాం. మా మతగురువు రబ్బీ ఆమెను చూపించి, "మనతోపాటు సబ్బాతు పాటిస్తోంది" అన్నాడు. అందరూ నావైపు తిరిగి మెచ్చుకుంటుంటే, సిగ్గు విడిచి చెబుతున్నా, నా ఒళ్లు పొంగిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి చోలెంట్ కూర వడ్డిస్తుంటే సొరుగులో ఆమె ఫోను మోగింది. లిబియా శిబిరంలో ఉన్న ఆమె తమ్ముడికి ఫోను దొరికేది రెండు వారాలకొకసారి. ఆ సంగతి నాకు తెలుసు. యూదులం కాబట్టి మేము సబ్బాతునాడు ముట్టకూడదు గానీ ఆమెకేం అడ్డు? "వెళ్లి తీసుకో తల్లీ" అంటే సరిపోయేది. మా ఆయన అవ్రమ్ నా మొహంలోకి చూశాడు. నేను వడ్డిస్తూనే ఉన్నాను. ఆగి, మళ్లీ మోగింది. తర్వాత మోగలేదు.

ఇవాళ పొద్దున అడిగాను, "ఎందుకు తీయలేదమ్మా?" అని.

"తీస్తే మీకు కోపమొచ్చి రేపు కోర్టుకి రారేమోనని, మేడమ్."

రేపు ఏ మొహం పెట్టుకుని ప్రమాణం చేయను? మానేస్తే ఆమె గతేంటి? ఏమీ పాలుపోవడం లేదక్కా.

నీ గిట్టెల్


సోమవారం

అక్కా,

"ఆమె మీకేమవుతుంది?" అని జడ్జి అడిగాడు. "ఇంటి మనిషి అని చెబుదామనే వచ్చానండీ. కానీ మా ఇంట్లో తన ఫోను తను తీసుకోవడానికే భయపడింది. ఆ తప్పు నాది" అని చెప్పేశాను. ఆమె లాయరు తల పట్టుకున్నాడు. తీర్పు నెలాఖరుకి వాయిదా పడింది.

బయటికి రాగానే, నిన్నటిదాకా 'మేడమ్' అన్న సెనాయిత్ జనం చూస్తున్నారని కూడా లేకుండా నా మీద విరుచుకుపడింది.

"నీకసలు బుద్ధుందా గిట్టెల్! శనివారం నా ఫోను మింగావు, ఇవాళ నా కేసు మింగావు! నా తమ్ముడు అక్కడ ఏడ్చుంటాడు. ఒక్క మాట అనలేకపోయావా?"

"గొప్పకి పోయాను" అన్నాను.

"పోయావులే! ముందు ఇంటికి పద, ఆకలేస్తోంది" అని కళ్లు తుడుచుకుంటూ కారెక్కింది.

నేను చేసింది మంచో చెడో నాకింకా అయోమయంగానే ఉంది. ఆ జడ్జి ఒక్క పావుగంట ఆగి అడిగి ఉంటే, ప్రమాణం చేసి మరీ చెప్పేదాన్ని అక్కా, మా ఇంటి మనిషేనని.

నీ చెల్లెలు,
గిట్టెల్