పదకొండు ఆదివారాల ఎండ

సుధా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఇవాళ రథసప్తమి. పక్కింటివాళ్లు డాబా మీద పిడకలు రాజేసి పాలు పొంగిస్తూ నన్నూ పిలిచారు. వెళ్లలేదు.

నీ ముక్కుకి అటూ ఇటూ బుగ్గలు ఎర్రగా కందినప్పుడు, సూర్యభగవానుడికి మొక్కుకుంటే పోతుందని మీ నానమ్మ చెప్పింది. పదకొండు ఆదివారాలు నిన్ను ఈ భవానీపురం డాబా మీదే ఎండకి ఎదురుగా కూర్చోబెట్టాను. "మండుతోందమ్మా" అనేదానివి. "ఓర్చుకో, ఇంకాసేపే" అనేదాన్ని. మీ నాన్న గొడుగు పట్టబోతే మొక్కు చెడుతుందని తిట్టాను. పన్నెండో ఆదివారానికి నీ కాళ్లు వాచిపోయాయి. కిడ్నీలు పాడయ్యాయన్నారు.

పోయిన వారం నీ చెల్లి బుగ్గలూ అలాగే కందాయి. నిన్న డాక్టరుగారు రక్తపరీక్షలు చూసి లూపస్ అన్నారు, నీదీ అదే అయ్యుంటుందన్నారు. రోగాలతో పోరాడాల్సిన శక్తి సొంత ఒంటినే శత్రువనుకుని దాడి చేస్తుందట.

"ఎందుకలా చేస్తుందండీ?" అన్నాను.

"కాపాడుతున్నాననే అనుకుంటుందమ్మా. ఎండ తగిలితే ఇంకా రెచ్చిపోతుంది. పిల్లని ఎండలోకి పంపకండి."

ఆ తర్వాత ఆయన చెప్పినవేవీ నాకు వినపడలేదు.

ఇంటికొచ్చి కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టాను. నువ్వు పోయేనాటికి చెల్లికి నాలుగేళ్లు, దానికేమీ గుర్తులేదు. ఇందాక ఆ చీకటి గదిలో కూర్చుని అడిగింది, "అక్కనీ ఇలాగే ఎండ తగలకుండా చూసుకున్నావా అమ్మా?" అని.

అవునన్నాను.