గోళ్ళు కొరికిన నీల

మాచర్ల,
ఆదివారం.

నవలలు రాసే శేషగిరిరావు గారికి,

మాచర్ల నుంచి టైలరు బషీరున్నీసా సలాం చేసి రాస్తున్నా. పుస్తకం వెనకాల మీ ఫోన్ నంబరు లేదు, నరసరావుపేట అడ్రసు ఒక్కటే ఉంది. నంబరు ఎందుకు దాచారో ఆఖరి పుస్తకం చదివాక నాకు తెలిసొచ్చింది.

ఏందండీ ఆ ముగింపు? అచ్చు మీ కథానాయిక నీల లాంటి క్లోన్ పిల్లని ల్యాబులో పుట్టించారు, బాగుంది. ఆ రెండో నీల "నేను నకల్ని కాదు, మనిషిని" అని నాలుగు పుస్తకాలు కొట్లాడింది. ఐదోదాంట్లో ల్యాబు తగలబడుతుంటే అసలు నీలని బయటికి నెట్టి, తలుపేసుకుని చచ్చిపోద్దా? దీనికా మేం ఐదు పుస్తకాలు కొన్నది?

నాకు కవల మనవరాళ్ళు, ఆసియా, షబ్నం. ఆసియా ముందు పుట్టింది కదా అని కాలేజీ హాస్టలు సీటుకి దానిచేతే దరఖాస్తు పెట్టించా. మీ ఊళ్ళోనే సీటొచ్చింది. "నేనూ పోతా" అని ఇన్నాళ్ళూ గొడవ చేసిన షబ్నం, మీ పుస్తకం మూసి "నేను నకల్నే కదా దాదీ, ఆసియానే పోనీ" అని మంచమెక్కింది. పిల్ల అన్నం ముట్టడం లేదు. రెండో నీల బతికే ఉందని నాలుగు ముక్కలు రాసి పంపండి. మీ సొమ్మేం పోదు.

ఇట్లు,
బషీరున్నీసా.

తా.క.: రెండో పుస్తకంలో డాక్టరు ఇద్దరు నీలల్నీ పోల్చుకోలేకపోయాడా? ఆ గుడ్డోడికి డిగ్రీ ఎవరిచ్చారు? మా పిల్లల్ని నేను వీపు చూసి చెప్తా.

*

నరసరావుపేట.

ప్రియ పాఠక మిత్రమా,

మీ అభిమాన లేఖ అందింది. మీ ప్రశంసలు నా కలానికి కొత్త ఊపిరి. మీరు ఇలాగే చదువుతూ, నలుగురి చేత చదివిస్తూ ఉండగలరు. మీ కోరికపై నా ఫొటో జతచేశాను.

సాహితీ వందనాలతో,
శేషగిరిరావు.

తా.క.: ఐదు పుస్తకాలూ ఒకేసారి కొన్నవారికి గుడ్డసంచి ఉచితం.

*

మాచర్ల,
బుధవారం.

శేషగిరిరావు గారూ,

ప్రశంసలా? నేనెక్కడ పొగిడానో ఆ ముక్క కత్తిరించి పంపండి, పటం కట్టించుకుంటా. ఎదురింటి అంకమ్మ కొడుకు అభిరామ్ అచ్చుతప్పులున్నాయని మీకు రాస్తే వాడికీ ఇదే ఉత్తరం, అక్షరం తేడా లేదు. క్లోన్ల మీద పుస్తకాలు రాసి క్లోన్ ఉత్తరాలు పంచుతున్నారన్నమాట. సిగ్గుండాలి!

నిన్న మా అబ్బాయి నూర్ మొహమ్మద్ ఆసియాని బస్సెక్కించాడు. కంగారులో కుట్టానేమో, కొత్త కుర్తా భుజం జారిందని పిన్నీసు పెట్టుకుని మరీ పోయింది. షబ్నం మాత్రం మొహం మీద దుప్పటి తియ్యడం లేదు. నా ముందర ఒక్క ముద్ద తినదు. బిర్యానీ గిన్నె ఏమో తెల్లారేసరికి ఖాళీ, ఏదో పిల్లి అలవాటు పడ్డట్టుంది. నా పిల్ల ఇట్లా చిక్కి సగమైపోతే ఎవరిది పాపం? ఈసారి జవాబు రాకపోతే నేనే బస్సెక్కి వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా.

ఇట్లు,
ఫొటో అడగని బషీరున్నీసా.

తా.క.: ఫొటోలో మీ చొక్కా ఎవరు కుట్టారండీ? ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

*

నరసరావుపేట.

అమ్మా,

మీ నాటకం నాకు అర్థమైంది. టైలరు, కవలలు, పిల్లి! ఇదంతా నా పుస్తకాలంటే ఓర్వలేని రచయిత ఆదినారాయణ అల్లిన కథ. మిమ్మల్ని పంపింది అతనే. వెళ్ళి అతనికే చెప్పండి.

రెండో నీల చచ్చిపోయిందని మీకెవరు చెప్పారు? భయమేస్తే గోళ్ళు కొరికే అలవాటు ఎవరికుంది? అసలు నీలకి. తలుపు లోపల గోళ్ళు కొరుకుతూ ఉండిపోయింది ఎవరు? చదవండి మళ్ళీ! ఇద్దరూ బట్టలు మార్చుకున్నారు. బయటపడి, నీల పేరుతో బడికి పోయింది క్లోనే. ఇంట్లో ఒక్కరూ కనిపెట్టలేదు. మీలాంటి పాఠకులూ కనిపెట్టలేదు. పెద్దవాళ్ళు పేజీలు తిరగేస్తారు గానీ చదవరు.

శేషగిరిరావు.

తా.క.: ఆ చొక్కా మా ఆవిడ కుట్టింది. మీ ఉత్తరం చూపించాను. మీ అడ్రసు అడుగుతోంది.

*

మాచర్ల,
శుక్రవారం.

శేషగిరిరావు గారూ,

మీ ఆదినారాయణ ఎవడో నాకు తెలవదు. మీరు రాసింది షబ్నం మంచం పక్కన కూర్చుని పైకి చదివా. "రెండో నీల బతికే ఉందంటమ్మా, బట్టలు మార్చుకున్నారంట" అన్నా. లేచి కూర్చుంటదనుకుంటే దుప్పటి ఇంకా పైకి లాక్కుంది. నాకు బస్సెక్కినదాని భుజం మీది పిన్నీసు గుర్తొచ్చింది. టేపు తెచ్చి, లేపి నిలబెట్టా.

సంగతేందంటే, పుట్టినకాడ్నించీ ఆసియాకే కొలతలు తీస్తా. కత్తిరించిన ముక్కని రెండో గుడ్డ మీద పరిచి షబ్నానికీ కోస్తా. కవలలే కదా అని. షబ్నానికి ఎప్పుడూ భుజం జారుద్ది, నోరెత్తకుండా పిన్నీసు పెట్టుకుంటది. ఇప్పుడు మంచం దిగినదానికి ఆసియా కొలతలు వెంట్రుక తేడా లేకుండా సరిపోయినయ్.

"ఏమే, నువ్వు ఆసియావి కదే!" అన్నా.

"పుస్తకంలో బట్టలు మార్చుకున్నది నీకు కనపడలేదు కదా దాదీ, ఇంట్లోనూ కనపడదనుకున్నాం. నాకు హాస్టలు వద్దు, దానికి కావాలి. నువ్వేమో నాచేతే దరఖాస్తు పెట్టించావు" అంది. ఇన్నాళ్ళూ బిర్యానీ తిన్న పిల్లి ఇదే!

నూర్ మొహమ్మద్ మీ ఊరొచ్చి ప్రిన్సిపాలు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇద్దరివీ ఒకే మార్కులు కాబట్టి, ఆయన చానా తిట్టి, దాన్ని షబ్నం పేరుతోనే ఉంచుకున్నాడు.

దీంతోపాటు ఒక పార్సిలు పంపుతున్నా. అందులో షబ్నానికి కుర్తా ఉంది. వీడియో కాల్లో దాని పక్క మంచం పిల్ల చేత టేపు పట్టించి కొలతలు తీసుకున్నా. అన్నీ దానివే, ఆసియావి ఒక్కటీ లేవు. ఈ గొడవంతా మీ పుస్తకంతోనే మొదలైంది కాబట్టి మీ ఆవిడ చేత హాస్టల్లో ఇప్పించండి. దాని దగ్గరున్న పిన్నీసు అడిగి తీసుకుని నాకు కవర్లో పెట్టి పంపండి. ఇంక దానికి అక్కర్లేదు.

ఇట్లు,
షబ్నం దాదీ బషీరున్నీసా.

తా.క.: వీపు చూసి చెప్తానని రాసిన ఆ మొదటి ఉత్తరం చింపెయ్యండి. మళ్ళీ "మీ అభిమాన లేఖ అందింది" అని వచ్చిందో, మీ ఆవిడకి చొక్కా కుట్టడం నేర్పించడానికి నేనే వస్తా.