గట్టు మీద ఇరవై ఆరు బొరియలు

జనవరి 19, సోమవారం

నర్సు రాయమంది కాబట్టి రాస్తున్నాను. మనసులో తిరిగేవన్నీ కాగితం మీద పెట్టేస్తే కాస్త నిద్ర పడుతుందట. నేను బడికి పోయింది తక్కువ. తప్పులుంటే చూసేవాళ్ళెవరూ లేరు.

మా ఆయన ఆల్బీ ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులు. తుంటికి కొత్త కీలు వేశారు. చంకకర్రలతో రోజుకి నాలుగుసార్లు వంటింట్లోంచి గేటు దాకా నడవాలన్నారు. నడుస్తున్నాడు, బూతులు తిడుతూనే.

ఇవాళ పొద్దున గిలియన్ కోల్తార్డ్ వచ్చింది. వాళ్ళ నాన్న పోయాక పొలం ఆమే చూసుకుంటోంది. బూట్లు గుమ్మం బయట విప్పి మేజోళ్ళతో లోపలికొచ్చింది. బూట్లు విప్పిందంటే మంచి కబురు కాదని అప్పుడే అనుకున్నాను. కేకు రెండు ముక్కలు తిన్నాక చెప్పింది. గట్టు పక్కన మూడెకరాల గోధుమ మొలకని కుందేళ్ళు నున్నగా గొరిగేశాయట. మార్చి రెండున గ్యాస్ వాళ్ళు వస్తారట. బొరియల్లోకి గ్యాస్ వదిలి, మట్టి దట్టించి, శాశ్వతంగా మూసేసి పోతారు. ఫిబ్రవరి ఆఖరికి గట్టు మీద కుందేలన్నది లేకపోతే వాళ్ళని రావద్దని చెప్తానంది. మా నాన్న మీకిచ్చిన మాట తీసెయ్యాలని నాకేం సరదా కాదు మిస్టర్ పియర్ట్, కానీ తినిపోయేది నా గోధుమ కదా అంది. ఆమె తప్పేం లేదు. అదే బాధ.

ఆ గట్టు మీద ముంగిసలాంటి ఫెర్రెట్లతో, కుక్కతో కుందేళ్ళు పట్టుకోవడానికి ఆల్బీకి నలభై ఒక్క ఏళ్ళుగా అనుమతి ఉంది. తను పనిచేసిన గని మూసేశారు, ఈ గట్టొక్కటే మిగిలింది. ఆసుపత్రిలో డాక్టర్ని కూడా ఒక్కటే అడిగాడు, వేట మళ్ళీ మొదలయ్యే అక్టోబరుకి బొరియ ముందు మోకాళ్ళ మీద కూర్చోగలనా అని.

గిలియన్ వెళ్ళాక గేటు దాకా నడవలేదు. కర్రలు గోడకి ఆనించి కూర్చున్నాడు.

జనవరి 20

కర్రలు ముట్టుకోలేదు. భోజనం సగం వదిలేశాడు.

జనవరి 21

ఇవాళా అంతే. కాలు బిగుసుకుపోతుందని నర్సు కోప్పడింది. బిగుసుకుంటే బిగుసుకోనీ, దీంతో ఎక్కడికి పోవాలి నేను అన్నాడు. గట్టు పోతే ఈ మనిషి ఆ కుర్చీలోంచి లేవడు. నాకు తెలుసు.

జనవరి 22, గురువారం

నేను వెళ్తానన్నాను.

తుంటి పట్టుకుని నవ్వాడు. నలభై ఒక్క ఏళ్ళలో కుందేలు చర్మం ఒలిచావు, కూర వండావు, గట్టు ఎక్కి ఎరుగుదువా విన్నీ అన్నాడు. వలలు సర్దడం నాకు రాదా అన్నాను. వలలు సర్దడం వేరు, పరచడం వేరు అన్నాడు. అయితే నేర్పు అన్నాను. మళ్ళీ నవ్వాడు గానీ ఈసారి కాస్త తక్కువ.

మధ్యాహ్నం ఆడపడుచు నోరీన్ని పిలిచాను. ఆల్బీకి అక్క, డెబ్బై ఆరేళ్ళు, ముప్ఫై ఏళ్ళు మాంసం కొట్లో చేసింది. కుందేలు మెడ విరవడం నా వల్ల కాదు, ఆమెకది గుండీ పెట్టుకోవడంతో సమానం.

వంటింటి నేల మీద పాఠం. బొరియలకి బదులు గిన్నెలు, జల్లెడ, టీ కెటిలు. బొరియ నోటి మీద సంచివల పరచాలి, తాడు చివర మేకు నేలలో గుచ్చాలి. ఫెర్రెట్ లోపల దిగితే కుందేలు దడుచుకుని బయటికి దూకుతుంది, వల దాని చుట్టూ సంచిలా మూసుకుంటుంది. పని ఇంతే అన్నాడు ఆల్బీ. తర్వాత గంటన్నర సేపు ఆ ఇంతే గురించి చెప్పాడు. కర్రతో చూపిస్తూ, లేచి నిలబడి. నిలబడ్డాడని తనకే తెలియలేదు. నేను చెప్పలేదు.

జనవరి 25, ఆదివారం

రేపే. మేకు ఊడితే? మా ఫెర్రెట్ పోలీ నన్ను కరిస్తే? తనని తప్ప ఎవర్నీ కరవదని ఆల్బీ అంటాడు, అంటే కరవడం వచ్చన్నమాటే కదా. నోరీన్ జారి పడి ఆవిడకీ తుంటి మారిస్తే? ఇంట్లో ఇద్దరికి నాలుగు కర్రలు ఎక్కడ పెట్టను? కుక్క పారిపోతే? కుక్క పేరు టాన్సీ. పన్నెండేళ్ళలో ఎప్పుడూ పారిపోలేదు. మొదటిసారి అనేది ఒకటుంటుంది కదా.

ముఖ్యమైంది మర్చిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. పొద్దున పోలీకి తిండి పెట్టకూడదు. కడుపు నిండిన ఫెర్రెట్ బొరియలో పడుకుని నిద్రపోతుంది. ఆల్బీ ఇప్పటికి పదకొండుసార్లు చెప్పాడు.

జనవరి 26, సోమవారం

మూడు.

టాన్సీ గట్టు వెంబడి నడుస్తూ ఒక్కో బొరియ వాసన చూస్తుంది. ఖాళీదైతే పట్టించుకోదు. లోపల కుందేలుంటే ఆగి ముందుకాలు ఒకటి పైకెత్తి నిలబడుతుంది. అలా నిలబడితే నాకెందుకో చర్చిలో నిలబడ్డట్టు ఉంది.

మాట్లాడకూడదు, అలికిడైతే కుందేళ్ళు బయటికి రావు. నోరీన్ని మాట్లాడొద్దనడం కెటిల్ని మరగొద్దన్నట్టే. రెండుసార్లు గుసగుసగా తన మోకాలి కథ చెప్పింది. మూడోసారి మొదలుపెడుతుంటే మొదటి కుందేలు వల్లోకి దూకింది. నేను వల మీద పడ్డాను, వలతోపాటు ముళ్ళ మీద కూడా.

ఇంటికొచ్చేసరికి ఆల్బీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎన్ని అన్నాడు. మూడు అన్నాను. నా మొదటిరోజు రెండే అన్నాడు. అబద్ధమని నోరీన్ అంది. నువ్వప్పుడు పుట్టలేదు అన్నాడు. పుట్టాను, నీకన్నా నాలుగేళ్ళు ముందు అంది.

జనవరి 30

అయిదు. చెయ్యి కొరికింది, పోలీ కాదు, నోరీన్ పెంచే పిల్లి.

ఫిబ్రవరి 2, సోమవారం

ఇవాళ పదకొండు. ఆల్బీ గోడకి అంటించే పూల కాగితం ముక్క వెనక గట్టు బొమ్మ గీశాడు. ఇరవై ఆరు బొరియలు, ఒకటి తప్ప అన్నిటికీ పేర్లు. పెద్దనోరు, అత్తగారు, రెండుతలుపులు. ఖాళీ అయినవాటికి కొట్టివేత. బొమ్మ గోడకి అంటించుకున్నాడు కాబట్టి చూడాలంటే లేవాలి. రోజుకి ఇరవైసార్లు లేస్తున్నాడు. నర్సు నన్ను మెచ్చుకుంది.

గట్టు మధ్యలో ముళ్ళచెట్టు కింద ఒక బొరియ ఉంది. దానికి పేరు పెట్టలేదు. అదేంటని అడిగితే, దాని జోలికి పోవద్దు, కింద రాయి, ఏమీ లేదు అన్నాడు.

ఫిబ్రవరి 9, సోమవారం

నేను ఘోరం చేశాను. వరసగా రాస్తాను.

పొద్దున గడ్డి మీద మంచు గట్టిగా ఉంది. పోలీని పెట్టెలోంచి తీస్తే నా ముఖంలోకి చూసింది. ఆ చలిలో, ఆ ఎర్రకళ్ళతో. అంత సన్నటి ప్రాణం ఖాళీ కడుపుతో భూమిలోకి దిగాలా అనిపించింది. నిన్నటి కుందేలు కార్జం సగం ముక్క పెట్టాను. ఆల్బీ గడ్డం గీసుకుంటున్నాడు, చూడలేదు.

గట్టు మీద ఒక్క బొరియ మిగలకుండా చూసుకుందామని, ముళ్ళచెట్టు కిందదాని దగ్గరికి కూడా టాన్సీని తీసుకెళ్ళాను. రాయి అన్నాడు కదా, అయినా గ్యాస్ వాళ్ళు వచ్చాక అయ్యో అనుకునే రకం నేను. టాన్సీ కాలెత్తింది. అలా ఎత్తడం నేనెప్పుడూ చూడలేదు, వణుకుతూ. వల పరిచి పోలీని వదిలాను. అప్పుడు టైము పది.

పదిన్నర. ఏమీ లేదు. పదకొండు. ఏమీ లేదు. పోలీ మెడకి కట్టిన పట్టీని కనిపెట్టే డబ్బా ఒకటుంది, దాన్ని నేల మీద తిప్పితే ముళ్ళచెట్టు వేళ్ళ దగ్గర టిక్కుటిక్కుమంది. ఆరడుగుల లోతు. కదలడం లేదు. చచ్చిపోయిందన్నాను. ఏం పెట్టావు దానికి అంది నోరీన్. ఎలా తెలుసుకుందో. చెప్పాను. ఓ పెద్ద మాట అనబోయి, నా మొహం చూసి మింగేసింది. పార తీసింది. నేల ఇనుములా ఉంది. నేను బోర్లా పడుకుని బొరియలో చెవి పెట్టి పోలీ, పోలీ అని పిలిచాను. అప్పుడే గిలియన్ ట్రాక్టరు వచ్చి ఆగింది. ఏమైనా పోయిందా మిసెస్ పియర్ట్ అంది. వింటున్నాం అన్నాను. ఆమె కాసేపు మమ్మల్ని చూసి, సరే వినండి అని వెళ్ళిపోయింది.

నోరీన్ ఇంటికి పోయి ఆల్బీకి చెప్పింది. ఏ బొరియ అని అడిగాడట. ముళ్ళచెట్టు కిందది అంటే తెల్లబోయి కర్రలు తీసుకున్నాడట.

అర మైలు. గేటు దాటనివాడు అర మైలు నడిచి పొలం అంచుకొచ్చి, తవ్వకండి అని అక్కడి నుంచే అరిచాడు. నేను ఏడుస్తూ కార్జం సంగతి చెప్పేశాను. ఎంత అన్నాడు. సగం. సగమైతే మధ్యాహ్నం రెండింటి దాకా లేవదు, కూర్చోండి అన్నాడు. నోరీన్ కోటు పరిచింది.

కూర్చున్నాక అసలు సంగతి బయటపడింది. ఆ బొరియలో రాయీ లేదు, రప్పా లేదు. నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఏడూ ఒక ఆడ కుందేల్ని అక్కడ వదిలేస్తున్నాడు. విత్తనానికి. వాళ్ళ నాన్న నేర్పాడట. చివరిదాన్ని తియ్యకూడదట, తీస్తే వచ్చే ఏడు గట్టు మీద గాలి తప్ప ఏముంటుంది అన్నాడు. అంటే గిలియన్ గోధుమ తినే సైన్యాన్ని పెంచింది నువ్వేనన్నమాట అంది నోరీన్. పెంచలేదు, ఉండనిచ్చాను అన్నాడు. మీ ఆయన కుందేళ్ళ రైతు విన్నీ అంది నాతో. ఆల్బీ చెవులు ఎర్రబడ్డాయి, చలికి కాదు.

రెండుకి పది నిమిషాలుండగా పోలీ బయటికొచ్చింది. ఒళ్ళు విరుచుకుని, ఆవులించి, నా ఒడిలోకెక్కింది. నేను కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక రెండూ చెయ్యలేదు.

ఫిబ్రవరి 10

ఆల్బీ కాళ్ళు నొప్పులని పడుకున్నాడు. కానీ అవి నడిచిన నొప్పులు.

ఫిబ్రవరి 19, గురువారం

బొమ్మ మీద ఇరవై అయిదు కొట్టివేతలు. ఒక్కటి మిగిలింది.

ఒక్క కుందేలు గిలియన్ కంటపడదులే అంటున్నాడు ఆల్బీ. పడితే? అన్నాను. పడదు అన్నాడు. పడితే? అన్నాను. ఇలా రాత్రి భోజనం అయ్యేదాకా.

ఫిబ్రవరి 23, సోమవారం

గిలియన్ కొట్టు దగ్గర కనిపించింది. శనివారం నేనే వచ్చి గట్టు నడుస్తాను, టాన్సీని నాతో పంపండి, మనుషుల మాట కన్నా దాని కాలు నాకు నమ్మకం అంది. నవ్వుతూనే అంది. ఈ పిల్ల ఆ పొలంలో పుట్టి పెరిగింది, మర్చిపోయాం.

ఆల్బీకి చెప్పాను. టాన్సీ వైపు చూశాడు. టాన్సీ తోకాడించింది. దానికి అబద్ధం నేర్పలేం కదా అన్నాడు. విత్తనం ఉంచితే గ్యాస్. తీస్తే ఖాళీ గట్టు.

ఫిబ్రవరి 26, గురువారం

వలలు తియ్యి అన్నాడు పొద్దున్నే.

నోరీన్ వంటింటి కుర్చీ మోసుకొచ్చింది. ముళ్ళచెట్టు ముందు కుర్చీ వేసి ఆల్బీని కూర్చోబెట్టాం, రాజుగారిలా. పోలీకి ఏమీ పెట్టలేదు. నోరీన్ కాపలా ఉంది, నా జేబులు కూడా వెతికింది.

మూడు నిమిషాలు. వల ఎగిరింది. ఆల్బీ తన చేతుల్లోకి ఇమ్మన్నాడు. పెద్ద ఆడది, చెవి ఒకటి చిరిగి ఉంది. పొట్ట కింద వేళ్ళు పెట్టి తడిమాడు. నోరీన్ చెయ్యి చాపింది, మెడ కోసం. కడుపుతో ఉంది అన్నాడు. కడుపుతో ఉన్నదాన్ని మా ఇంట్లో ఎవ్వరం చంపలేదు, నువ్వూ చంపవు అన్నాడు. మరి ఏం చేద్దాం, నీ పక్కలో పడుకోబెడదామా అంది నోరీన్.

చివరికి నోరీన్ కూరల సంచిలో వేసుకుని బస్సెక్కింది, పాత రాళ్ళ క్వారీ దగ్గర దిగి వదిలేసి వస్తానని. అక్కడ ఎవరి పంటా లేదు. బస్సులో సంచి కదులుతుంటే పక్కనావిడ ఏముందమ్మా అందులో అని అడిగిందట. క్యాబేజీ అందట. ఆవిడ ఇంకేం అడగలేదట గానీ దిగేదాకా కాళ్ళు ముడుచుకుని కూర్చుందట.

ఆల్బీ రాత్రి భోజనంలో రెండోసారి వడ్డించుకున్నాడు.

ఫిబ్రవరి 28, శనివారం

పదకొండింటికి గిలియన్ వచ్చింది. ఆల్బీ ఒక్క కర్రతో గట్టు పొడుగునా నడిచాడు. నేను వెనక, పడితే పట్టుకోవడానికి. పడితే నేను పట్టుకోగలనా అన్నది వేరే సంగతి.

టాన్సీ ఒక్కో బొరియ చూసుకుంటూ వెళ్ళింది. పెద్దనోరు, ఏమీ లేదు. అత్తగారు, ఏమీ లేదు. ముళ్ళచెట్టు దగ్గర ఆగింది. ముక్కు లోపల పెట్టింది. రెండు రోజుల కిందటి వాసన ఉంటుంది కదా. టాన్సీ కాలెత్తింది. ముందుకాలు కాదు, వెనకకాలు. ఆడకుక్క అలా ఎత్తడం నేనెక్కడా చూడలేదు. బొరియ పక్కన పని కానిచ్చుకుని ముందుకు పోయింది.

గిలియన్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఇంతకన్నా మంచి సర్టిఫికెట్టు ఎవరిస్తారు మిస్టర్ పియర్ట్ అంది. గ్యాస్ వాళ్ళకి మా ఇంట్లోంచే ఫోన్ చేసింది, బూట్లు విప్పకుండా. నేల తుడుచుకోవాల్సి వచ్చినా నాకేం అనిపించలేదు.

ఆమె వెళ్ళాక ఆల్బీ, గట్టు మనదే విన్నీ అన్నాడు. మరి అక్టోబరులో అక్కడికెళ్ళి ఏం చేస్తామంటావు అన్నాడు. బెంగ పెట్టుకోకు అన్నాను. నా నోట ఆ మాట విని ఇద్దరం ఆశ్చర్యపోయాం.

మార్చి 14

రెండో కర్ర కూడా వదిలేశాడు. రోజూ గట్టు దాకా వెళ్ళి వస్తున్నాడు. ఏమీ లేదు అంటాడు వచ్చాక, ఎవరూ అడక్కుండానే.

మార్చి 22, ఆదివారం

ఇవాళ ఆల్బీకి జలుబు, నేనొక్కదాన్నే టాన్సీని తిప్పడానికి వెళ్ళాను. గట్టు కింది కొసన, క్వారీ వైపు, అప్పుడే బొరియ తవ్వినట్టు చారెడు కొత్త మట్టి. టాన్సీ ముందుకాలు ఎత్తింది. అటూ ఇటూ చూసి, మట్టిని బూటుతో చదును చేసి, పైన కాస్త ఎండుగడ్డి వేశాను. నర్సుకి చెప్పాలి, బాగా నిద్ర పడుతోందని.