కింది సొరుగులో చొక్కా

అమ్మాయీ నెస్తా,

మీ అత్తయ్య మార్గెడ్ రాస్తున్నది. నా రాత వంకర, కూడబలుక్కుని చదువుకో. నీ ఎదుట నిలబడి చెప్పే మొహం లేదు.

నా కొడుకు ఎమ్లిన్ ఎక్కిన పుట్టి పడవ తిరగబడి, వాడు తైవి ఏట్లో పోయాక, నువ్వు మీ అమ్మ దగ్గరికెళ్ళినప్పుడు, నీ గదిలోంచి ఓక్ పెట్టె మా ఇంటికి తెచ్చేసుకున్నాను. పెళ్ళినాడు నేనే నీ చేతికిచ్చింది. కోడలికిచ్చాక అత్త మళ్ళీ ముట్టకూడనిది. ఆ పెట్టె మీద నా ఆశ అలాంటిది. ఒళ్ళో పట్టేంత పెట్టె. ముందువైపు చెక్కిన పువ్వుల్ని ఎందరు కోడళ్ళు తుడిచి అరగదీశారో. మైనం తాగి తాగి చెక్క నల్లటి టీ రంగుకొచ్చింది. మూత వేస్తే గాలి చొరదు. మా అత్త వేసిన లావెండర్ వాసన నా జుట్టు నెరిసేదాకా అందులో ఉంది.

కింది సొరుగులో వాడి చొక్కా ఉంది. చెమట మరకలు, పుట్టికి పూసే తారు. మొగుడి చొక్కా ఉతకడానికి కూడా ఒళ్ళొంగలేదు దీనికి అనుకున్నాను. చాపెల్లో ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళతో అన్నాను కూడా. సోమవారం నా బట్టలతో ఉడకబెట్టి, కంచె మీద ఆరేశాను.

ఆ వారమే నువ్వొచ్చావు. "పెట్టె ఉంచుకోండి అత్తయ్యా. చొక్కా ఒక్కటి ఇవ్వండి" అన్నావు. ఇస్త్రీ మడత నీ చేతిలో పెట్టాను. నువ్వు దాన్ని మొహానికి ఆనించుకుని, వెళ్ళిపోయావు. మెప్పు మాటైనా లేదని ఆ సంగతి పక్కింటి కాత్రిన్‌తో చెప్పి నవ్వాను.

కాత్రిన్ నవ్వలేదు. "ఉతికేముందు నువ్వు వాసన చూశావటే?" అంది.

లేదమ్మా. చూడలేదు.

వాడి టోపీ మా తలుపు వెనక, వాడు తగిలించినట్టే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా అందులో మొహం పెడతాను. ఎవరికీ తెలియనివ్వను. తల్లిని కనుక నాకే అలా ఉంటుందనుకున్నాను.

టోపీ కింది సొరుగులో పెట్టి పెట్టె పంపుతున్నాను. దారిలో మూత గానీ సొరుగు గానీ తెరవొద్దని బండి తోలే గ్విలిమ్‌కి చెప్పాను. చాపెల్లో అన్న మాట చాపెల్లోనే తప్పని చెప్పుకుంటాను.

సొరుగు మూసేముందు ఒక్కసారి మొహం ఆనించాను. ఎక్కువసేపు కాదు. నీకు మిగలాలిగా.

తల దించుకుని,
మీ అత్తయ్య
మార్గెడ్