వడ్రంగిపిట్ట నుదుటి చుక్కలు

ఆదివారం రాత్రి

కుడికంటికి ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఈరోజు అక్కతో గచ్చిబౌలి యూనివర్సిటీ అడవికి వెళ్లాను. బైనాక్యులర్ మెడలో వేసుకున్నాను గానీ ఎత్తాలంటే భయం. పిట్టలు ఇక మసకగానే కనిపిస్తాయేమో అని రెండు నెలలుగా ఒకటే గుబులు.

ఎండిన వేపచెట్టు మీద టకటకమని చప్పుడైంది. బంగారు వీపు, ఎర్రటి జుట్టు. వడ్రంగిపిట్టే. మగదైతే నుదురు కూడా ఎర్రగా ఉంటుంది, ఆడదైతే నల్లటి నుదుటి మీద సన్నటి తెల్ల చుక్కలుంటాయి. ఎడమకన్ను గట్టిగా మూసుకుని బైనాక్యులర్ ఎత్తాను. పిట్ట బెరడు పెచ్చు ఊడబీకి, చీమలు తింటూ తల ఇటు తిప్పింది.

"చుక్కలున్నయక్కా! ఇది ఆడది!"

"మంచి కన్ను మూసుకునే చూసినవా?"

తలూపాను. అక్క అక్కడే నేల మీద కూలబడింది.

"నువ్వు పడుకున్నంక రోజూ ఏడ్చిన తెలుసా? ఇగ నాకు ఫికర్ లేదే" అంది, ఏడుస్తూనే నవ్వుతూ.

కుడికంటికి చెట్టు మాను అంచు కొంచెం వంగినట్టు కనిపించిన సంగతి తనకు చెప్పలేదు. బుధవారం డాక్టర్‌నే అడుగుతాను. ఇవాళ్టికి అక్కను అలా నవ్వనివ్వాలనిపించింది...